వింటికి వల్కలము

విల్లు వంగునప్పుడు దాని రెండు ముఖములును రెండు విరుద్ధములైన బాధలకు లోనగును. లక్ష్యమువైపు తిరిగియుండు వెన్ను సాగును. విలుకానివైపు తిరిగియుండు కడుపు నలిగి కుదించుకొనును. ఈ రెంటి నడుమ సాగక, కుదియక యుండు ఒక తటస్థమైన పొర మాత్రమే ఏ బాధయు లేక యుండును. చెక్కవిల్లు విరిగినదనగా, చాల తఱచుగా అది వెన్నున పుట్టిన ఒక చిన్న చీలికవలననే విరుగును. పోగు ఒకటి తెగి లేచినచో దాని భారము ప్రక్కపోగుపై పడును, అదియు తెగును, మఱుక్షణమున వింటిబాహువు రెండు తునుకలగును. ఈ విపత్తును తప్పించుటకై వెన్నునకు మఱియొక పదార్థమును అతికించు ఆచారము అతిప్రాచీనము. జంతువుల స్నాయువులు, పచ్చితోలు, వెదురుదబ్బ, అవిసెనార, పట్టు మున్నగువానిని గూర్చి విస్తారముగా వ్రాసినవారు పెక్కండ్రు కలరు. చెట్టు బెరడును గూర్చి మాత్రము ఒకటి రెండు వాక్యములతో ముగించినవారే యెక్కువ. ఆ వాక్యములును ఒకదానితో నొకటి పొసగవు. బెరడు వింటికి బలమిచ్చునని కొందఱు, అలంకారమాత్రమని కొందఱు, తేమను వారించునని మఱికొందఱు చెప్పుదురు. ఈ మూడు మాటలలో ఏది యెంతవఱకు నిజమో, వివిధదేశముల ధనుష్కారులు చేసిన పనినిబట్టియు, ఆ పదార్థముల స్వభావమునుబట్టియు విచారింపవలసియున్నది.

మొదట బెరడనగా నేమో తెలియవలయును. మనము ఒక్కమాటగా వ్యవహరించు ఈ వస్తువులో నిజమునకు రెండు వేఱువేఱు పదార్థములున్నవి. పైబెరడు మృతకణముల పొర. ఆ కణముల గోడలలో సుబెరిన్ అను మైనమువంటి ద్రవ్యము నిండియుండుటచే నీరు దానిలోనికి చొరదు. దానిక్రింది లోబెరడు సజీవము; ఆకులు సిద్ధముచేసిన ఆహారమును వేళ్లకు చేరవేయునది అదియే; పెక్కు చెట్లలో పొడవైన నారపోగులు దానియందే యుండును. భూర్జవృక్షముయొక్కయు, చెర్రీ వృక్షముయొక్కయు పైబెరడును ధనుష్కారులు వాడుదురు. హికరీ, ఎల్మ్, లిండెన్ వృక్షములయందు వారికి పనికివచ్చునది లోబెరడు. మొదటిది చర్మము, రెండవది నార. చర్మమువలన కలుగు ఫలమును నారకును, నారవలన కలుగు ఫలమును చర్మమునకును అంటగట్టుటవలననే ఈ విషయమున ఇంత గందరగోళము పుట్టినదని నా నిశ్చితాభిప్రాయము.

బలమును గూర్చిన వాదమును లెక్కతోనే తేల్చవచ్చును. వింటిబాహువుయొక్క బిగువు దాని వెడల్పుతో సమానముగా పెరుగును గాని, మందముతో ఘనముగా పెరుగును. అనగా వెడల్పు రెట్టింపైనచో బిగువు రెట్టింపగును, మందము రెట్టింపైనచో ఎనిమిది రెట్లగును. 14 మిల్లీమీటర్ల మందముగల బాహువు 70 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల చాపముగా వంగినప్పుడు దాని వెన్ను నూటికి ఒక పాలు సాగును; సామాన్యమైన కలప ఓర్వగల హద్దునకు ఇది చాల దగ్గఱ. ఇప్పుడు ఆ వెన్నున అర మిల్లీమీటరు మందపు పైబెరడు అతికించితిమనుకొందము. బెరడు బిగువు చెక్క బిగువులో పదియవవంతని ఉదారముగా ఒప్పుకొన్నను, ఆ బెరడువలన వింటికి చేకూరు అదనపు బిగువు నూటికి ఒక పాలునకు అటునిటుగా నుండును. బెరడునకు బదులు అదే అర మిల్లీమీటరు చెక్కను చెక్కివేయక మిగిల్చినచో బిగువు నూటికి 11 పాళ్లు పెరిగియుండెడిది. కావున పైబెరడు బాణమునకు వేగము నిచ్చునని చెప్పుట పొసగదు. అట్లని అది నిరర్థకమనుటయు సరికాదు. వంగిన చెక్కతోపాటు తానును ఆ నూటికొక పాలు పగులక సాగగలుగుట, చెక్కపై గీత పడకుండ కాచుట, నీటిని లోనికి పోనీయకుండుట - ఈ మూడును దాని నిజమైన గుణములు. వెన్నున గోటితో గీసినంత గాటుకూడ చీలికకు ఆరంభస్థానము కాగలదని యెఱిగినవారు ఈ రక్షణను తక్కువగా ఎంచరు.

చరిత్ర ఈ తీర్పునే బలపఱచుచున్నది. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టూటన్‌ఖామున్ సమాధిలో సాదా చెక్కవిండ్లతోపాటు కొమ్ము, చెక్క, స్నాయువు కలిపి చేసిన సంకీర్ణధనుస్సులు సుమారు 30 దొరకినవి. మెక్లాయిడ్ అను పండితుడు 1970లో వానిని సవిస్తరముగా వర్ణించి ప్రకటించెను. ఆ విండ్లపై చుట్టిన తొడుగు చెట్టుబెరడు. అది భూర్జపుబెరడని పరిశీలకులు చెప్పుదురు. భూర్జము ఈజిప్టులో మొలవదు. అది శీతలదేశపు వృక్షము. ఎండిన ఇసుక నేలను ఏలిన ఒక బాలరాజు వింటికై మిక్కిలి ఉత్తరమునుండి బెరడు దిగుమతియైనదన్నమాట. వానయే అరుదైన దేశమున నీటిని వారించు తొడుగు ఎందులకని ప్రశ్న పుట్టుట సహజము. సంకీర్ణధనుస్సు ఆ దేశమునకు ఆసియా ఖండమునుండి వచ్చినది. విల్లు వచ్చినప్పుడు దానిని కట్టు పద్ధతియు, దాని తొడుగును కలిసియే వచ్చినవని నేను ఊహించుచున్నాను. నునుపైన ఆ బెరడుపై బంగారు రేకులును, రంగుల చిత్రణయు చక్కగా నిలిచియుండుటవలన రాజధనుస్సులకు అది మఱింత ఉచితముగా తోచియుండవచ్చును. ఏదియెట్లున్నను, బెరడు అచ్చట బలమునకై రాలేదు. బలమిచ్చు స్నాయువు దానిక్రిందనే యున్నది.

ఆసియా ఖండపు మైదానములనుండి తూర్పుసముద్రమువఱకు ఇదే పద్ధతి. మంగోలులు, మంచూలు స్నాయువుపై భూర్జపుబెరడు కప్పిరి. తురుష్కులు సన్ననితోలుగాని, ఈ బెరడుగాని కప్పి, దానిపై రంగువేసి, వార్నీషు పూసిరి. బీజింగు నగరమున 18వ శతాబ్ది మొదటిపాదమున వెలసిన జూ యువాన్ హావో అను ధనుశ్శాలలో నేటికిని భూర్జపుబెరడుతో వెన్ను కప్పుచున్నారు. కొరియాలో ఈ బెరడును హ్వాపి యందురు. అచ్చటి గాక్‌గుంగ్ అను విల్లు ఎనుబోతు కొమ్ము, వెదురు, మల్బరీ చెక్క, పశువుల స్నాయువు, చేపజిగురు మున్నగువాని సంయోగము. ఇన్ని పదార్థములను ఒక్కటిగా పట్టియుంచునది ఆ జిగురొక్కటే. జిగురునకు తేమ పరమశత్రువు. 1388లో యీ సోంగ్‌గ్యే అను సేనాని ఉత్తరదండయాత్ర తగదని తన రాజునకు నివేదించుచు చూపిన నాలుగు కారణములలో, వానకాలమున విండ్ల జిగురు సడలుననునది ఒకటి. రాజు వినలేదు, సేనాని దారిమధ్యమున సైన్యమును వెనుకకు త్రిప్పెను, నాలుగేండ్లకు ఒక క్రొత్త రాజవంశమునకు మూలపురుషుడయ్యెను. ఒక దేశముయొక్క రాజనీతిలోనే వింటిజిగురు ప్రసక్తికి వచ్చినదన్నచో, ఆ జిగురును కాచు బెరడుపొరను కేవలాలంకారమని తీసివేయుట న్యాయము కాదు. బెరడున్నను చాలదనియు కొరియావారెఱుగుదురు. ఉపయోగించుటకు ముందు విల్లును వెచ్చని అరలోనుంచి ఆరబెట్టుట వారి యాచారము.

ఉత్తరయూరపులోని సామీజనుల విల్లు మఱియొక త్రోవ. వారికి కొమ్ములేదు, స్నాయువును అంతగా వాడలేదు. వంగి పెరిగిన దేవదారుజాతి చెట్టులో క్రిందివైపున ఏర్పడు గట్టి చెక్కను కడుపునకును, భూర్జపుచెక్కను వెన్నునకును గ్రహించి, రెంటిని చేపజిగురుతో అతికించి, ఆ మొత్తమును భూర్జపుబెరడుతో చుట్టిరి. 1732లో లాప్లాండు పర్యటించిన లిన్నేయస్ ఈ జిగురును కాచు విధమును తన దినచర్యలో వ్రాసియుంచెను. ‘పెర్చ్’ అను చేపల చర్మములను ఎండబెట్టి, మరల చన్నీట నానవేసి, పొలుసు గీకివేయుదురు. నాలుగైదు చర్మములను రెయిన్‌డీర్ మూత్రకోశములోగాని, మెత్తని భూర్జపుబెరడులోగాని చుట్టి మూటకట్టి, నీరుగాని, ఆవిరిగాని సూటిగా తగులకుండునట్లు చేసి, మరగుచున్న కుండలో వేసి, తేలిపోకుండ పైన ఱాయి పెట్టుదురు. గంటసేపటికి చర్మములు కరగి జిగురగును. వేడి చల్లాఱకముందే దానిని చెక్కకు రాచి, రెండు బద్దలను కట్టివేయుదురు. ఆ జిగురును వండుటకు పాత్రయు బెరడే, అది అతికించిన వింటికి కవచమును బెరడే. ఒక పదార్థపు గుణమును ఇంతకంటె సంపూర్ణముగా గ్రహించిన జనము మఱియొకటి నాకు కానరాదు.

ఇంతవఱకు చెప్పినది కప్పును గూర్చి. చుట్టును గూర్చి వేఱుగా చెప్పవలసియున్నది. ఏలయనగా పైబెరడు వింటికి యథార్థముగా బలమిచ్చు సందర్భము ఇదియొక్కటే. భూర్జముయొక్కయు, చెర్రీయొక్కయు పైబెరడును పరీక్షించి చూచినచో, దానిపై అడ్డముగా సాగు చిన్న చిన్న గీతలు కానవచ్చును. అవి చెట్టు శ్వాసించు రంధ్రములు. బెరడు చెట్టుచుట్టును సాగు దిక్కున మిక్కిలి గట్టిది. నిలువున లాగినచో ఈ గీతలవెంట చిరుగును. చెట్టు ఏటేట లావెక్కుచుండును గనుక ఆ చుట్టుదిక్కుననే దానికి బిగువు, సాగుదల అవసరమైనవి. కావున చెట్టుచుట్టును త్రిప్పి కోసిన పట్టీ తాడువలె గట్టిగానుండును. హొక్కైడో ద్వీపపు ఐనూ జనులు తమ వేటవిండ్లను యూ జాతి చెక్కతో చేసి, ఇట్టి చెర్రీపట్టీతో చుట్టిరి. ఉత్తర అమెరికా పశ్చిమతీరమున చేదుచెర్రీ బెరడుతో విండ్లను, బాణములను, చేపలను పొడుచు ఈటెల కీళ్లను చుట్టు ఆచారము కలదు. వాషింగ్టన్ రాష్ట్రపు పశ్చిమభాగమున మూలవాసుల వృక్షవిజ్ఞానముపై ఎర్నా గుంతర్ 1945లో ప్రకటించిన గ్రంథము ఇట్టి వాడుకలను తెలిసికొనుటకు నేటికిని ఆధారము. చుట్టు చేయు మేలు తేటతెల్లము. వెన్నున చీలిక పుట్టినను అది విచ్చుకొనవలెనన్నచో పైకి లేవవలయును. బిగువైన చుట్టు దానిని లేవనీయదు. వెన్నుపై నిలువుగా అతికించిన అదే బెరడు ఈ పనిని సగముకూడ చేయజాలదు.

ఇది తెలిసియుండియు, ఇరువదవ శతాబ్దిలో అమెరికాలో చేతివిండ్ల నిర్మాణము పునరుజ్జీవము పొందినపుడు నిలువుపట్టీ ఆచారమే ఎక్కువగా వ్యాపించినది. యాహీ జాతివాడైన ఇషీ 1911లో బయటి లోకమునకు వచ్చి, 1916లో మరణించులోపల తన ధనుర్విద్యను సాక్స్టన్ పోప్ అను వైద్యునకు నేర్పెను; పోప్ 1923లో వెలువరించిన గ్రంథము ఈ పునరుజ్జీవమునకు బీజమని అందఱును ఒప్పుదురు. ఇషీ వాడినది స్నాయువు; బెరడు కాదు. 1992లో వెలువడనారంభించిన ‘ట్రెడిషనల్ బౌయర్స్ బైబిల్’ సంపుటములతో సామాన్యులు సైతము వెన్నునకు నానావిధ పదార్థములు అతికించి చూచుట ప్రబలినది. అడవిచెర్రీ మొక్కనుండి నిలువున ఒలిచిన ఎఱ్ఱనిబెరడు వారిలో పెక్కండ్రకు ప్రియమైనది. దానిని వారు ఎన్నుకొనుటకు కారణము అందమే. తామ్రవర్ణముతో, వెండిగీతలతో మెఱయు ఆ వెన్నును చూచినవారెవ్వరును దానిని కాదనలేరు. అందమును కోరుటలో తప్పులేదు. కాని చేవలేని చెక్కను, పోగు తెగిన చెక్కను బెరడు కాపాడునని నమ్మి దాని నాధారముగా పూర్తిబిగువునకు లాగుట ప్రాణాపాయము. అట్టి చెక్కకు స్నాయువో, పచ్చితోలో, వెదురుదబ్బయో వలయును.

బెరడు సేకరించుటకు కాలమే ప్రధానము. వసంతాంతమున, గ్రీష్మారంభమున చెట్టులో రసము పొంగునప్పుడు చెక్కకును బెరడునకును నడుమనుండు వృద్ధికణముల పొర పలుచనై, నీటితో నిండి, జారుడుగా నుండును. అప్పుడు బెరడు చేతితో లాగినను వచ్చును. శీతకాలమున అదే బెరడును ఉలితో పెకలించినను తునుకలుగా తప్ప రాదు. ఉత్తరదేశములలో భూర్జమునకు జూన్, జూలై మాసములు తగినవి. అచ్చట నేర్పరి చేయు పని యిది: పైబెరడు మందమెంతయో ముందుగా తెలిసికొని, కత్తిమొన అంతకుమించి దిగకుండ నిలువుగా ఒక్క గాటు పెట్టును. సరియైన కాలమైనచో గాటుపడినంతనే అంచులు తమంతట తామే కొంచెము విచ్చుకొనును; వ్రేళ్లు లోనికి పోనిచ్చి చుట్టును త్రిప్పినచో రేకు సమూలముగా ఊడివచ్చును. క్రింద ఆకుపచ్చనో, గోధుమవన్నెదో యైన లోబెరడు చెక్కుచెదరక యుండవలయును. అది నిలిచినంతకాలము చెట్టు బ్రదుకును. కొన్నినాళ్లకు ఆ తావు నల్లబడి గట్టిపడును. కత్తి లోతుగా దిగి లోబెరడుకూడ చుట్టంతయు తెగినచో, ఆకులు వండిన అన్నము వేళ్లకు చేరక చెట్టు క్రమముగా చచ్చును. ఊడివచ్చిన రేకు చెట్టుపై నున్నదానికి వ్యతిరేకముగా, తెల్లనిముఖము లోపలికిపోవునట్లు చుట్టుకొనును. వెంటనే చదునుగా పఱచి బరువు పెట్టనిచో తరువాత దానిని సరిచేయుటకు వేడినీళ్లు కావలసియుండును.

చెర్రీ విషయము వేఱు. ఉత్తర అమెరికా తూర్పుభాగపు అడవిచెర్రీ ముదిరినకొలది బెరడు నల్లని పెంకులుగా పగులును. అది దేనికిని పనికిరాదు. మణికట్టు లావు లేతచెట్టుననే నునుపైన బెరడు దొరకును. వింటికి కావలసినంత పొడవున కొమ్మగాటులేని కాండము వెదకుటయే కష్టము. దొరకినపిదప దానిని నఱికి, నిలువున చీల్చి, మొద్దుచెక్కతో చేసిన చీలను బెరడు క్రింద త్రోయుచు పోయినచో, బెరడంతయు గొట్టమువలె విప్పుకొనివచ్చును. లోపలి మెత్తని పొరను కత్తివెన్నుతో గీకి గీకి తీసివేయగా, కాగితమందపు మెఱుగుబెరడు మిగులును. ఇట్లు ఒలిచిన చెట్టు బ్రదుకదు గనుక, అడవిని పలుచనచేయుటకై ఎటులైనను కొట్టవలసిన చెట్లనుండియే దీనిని తీసికొనుట ధర్మము. కొట్టిన కొమ్మలను పచ్చికబయళ్లలో విడిచిరారాదు. వాడిన చెర్రీ ఆకులలో ప్రాణాంతకమైన విషము పుట్టును, వానిని మేసిన పశువులు చచ్చును. జపానులోని కాకునోదతే పట్టణమున చెర్రీబెరడుతో పెట్టెలు, డబ్బాలు చేయు కళ 18వ శతాబ్దినుండియు నడచుచున్నది. అచ్చటివారు నిలిచియున్న చెట్టునుండి కొంతభాగము పైబెరడును మాత్రమే ఒలిచి, చెట్టును బ్రదుకనిత్తురు. ఆ తావున తిరిగి పెరిగిన రెండవ బెరడుకూడ పనికివచ్చును. విల్లు చేయువారు ఈ పెట్టెలు చేయువారినుండి నేర్చుకొనవలసినది చాల ఉన్నది.

అతికించుటలో ఎక్కువమంది విఫలులగుట బెరడు దోషమువలన గాదు, దానిని ముందుగా సిద్ధపఱచకపోవుటవలన. భూర్జపుబెరడు తెల్లదనమునకు కారణమైన బెట్యులిన్ అను ద్రవ్యమును, దానితోనున్న జిడ్డును జిగురును పట్టనీయవు. కావున లోపలిముఖమును గరుకుగా గీకి, బూడిదనీటితోగాని, సబ్బుతోగాని కడుగవలయును. తరువాత గోరువెచ్చని నీట నానవేసినచో బెరడు తోలువలె మెత్తబడును. చెక్కకు పలుచని పచ్చితోలు జిగురు ఒక పూత పూసి ఆఱనిచ్చి, రెండవ పూతను వేడిగా పూసి, పిడివద్దనుండి కొప్పులవైపు బొటనవ్రేలితో గాలిని బయటికి నెట్టుచు బెరడును పఱచవలయును. ఆ పైని గుడ్డపట్టీ చుట్టి బిగింపవలయును. అతిగా బిగించినచో జిగురంతయు బయటికి వచ్చి, లోపల ఎండిన చెక్కకు ఎండిన బెరడు తగిలియుండును, నాలుగు బాణములు వేయగనే పొక్కిపోవును. రెండు మూడు దినములు కదపక, ఆఱినపిదప అంచులను చెక్క అంచుతో సమముగా కోసి, గుండ్రముగా నునుపుచేయవలయును. అంచు లేచినచోటనే తేమ చొరబడును. రెండు తునుకలు కలియుచోటు పిడిక్రిందనే యుండవలయునని వేఱుగా చెప్పనక్కఱలేదు.

లోబెరడు మాటకు వత్తము. ఇది నిజమైన నార. లాగినచో గట్టిగా నిలుచును. అమెరికాలోని అపలాచియా కొండలలో హికరీ దుంగపైనుండగనే గరుకు పైబెరడును రెండుచేతుల కత్తితో చెక్కివేసి, లోబెరడును పట్టీలుగా కోసి, ఒలిచి, చుట్టలుచుట్టి, ఎండబెట్టి, కుర్చీలు అల్లునపుడు మరల నానవేయుదురు. ఈ పట్టీని వింటివెన్నునకు అతికించినచో పైబెరడుకంటె ఎన్నోరెట్లు ఎక్కువ లాగుదలను తట్టుకొనును. కాని ఒకే పట్టీలో ఒకచోట మందము, ఒకచోట పలుచన, ఆఱునపుడు కుదించుకొనును, తేమను పీల్చును. అవిసెనారను జిగురులో తడిపి వరుసగా పేర్చినచో ఇదే బలము మఱింత సమముగా వచ్చునని నా తీర్పు. హికరీ, ఎల్మ్ చెట్లు ధనుష్కారునకు చేయు గొప్ప ఉపకారము మఱియొకటున్నది. రసము పొంగు కాలమున కొట్టిన దుంగనుండి బెరడంతయు ఊడిపోగా బయటపడు చెక్క ఉపరితలమే, ఉలి తాకకుండ, ఒక్క పోగును తెగకుండ, సిద్ధమైన వెన్ను. ప్రపంచమున దానికంటె మేలైన వెన్ను లేదు. ఇంగ్లీషువారి యూ విండ్లలో పైనున్న తెల్లచెక్క లాగుదలకును, లోనున్న చేవ నలుగుటకును పనికివచ్చుట ఇట్టి ప్రకృతిసిద్ధమైన యేర్పాటే. 1545లో మునిగి 1982లో వెలికివచ్చిన మేరీ రోజ్ నౌకలో దొరకిన నూటికి పైబడిన విండ్లకు ఏ అతుకును లేదు. ఐతే అప్పుడే బెరడు ఊడిన చెక్క వేగముగా ఆఱి బీటలువాఱును; దాని వెన్నునకును, కొసలకును వెంటనే లక్క పూయవలయును. పాశ్చాత్యధనుష్కారులు సీసాలలో కొని పూయు ఆ లక్కకు పుట్టినిల్లు చాలవఱకు మన దేశపు అడవులే.

మన దేశమున వింటివెన్నున బెరడు కప్పు ఆచారము ప్రబలకుండుటకు కారణమును ఇట నూహింపవచ్చును. అర్థశాస్త్రమున కౌటిల్యుడు తాడిచెక్క, వెదురు, కలప, కొమ్ము అను నాలుగింటితో విండ్లు చేయుదురని చెప్పి, నారికై మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు, వెదురు, స్నాయువులను పేర్కొనెను. ఇందు జిల్లేడును, జనుమును కాండపు లోబెరడు నారలే. అనగా మనవారు బెరడునారను వెన్నున గాక నారిగా బిగించిరి; అది ఆ పదార్థమునకు తగినచోటు. వెదురునకు కప్పు అక్కఱలేదు. దాని పోగులు పైచర్మమువద్దనే అత్యంతసాంద్రముగా కూడియుండును గనుక ప్రకృతియే దానికి వెన్నునమర్చినది. అందువలననే నేటి అమెరికా ధనుష్కారులు ఇతర చెక్కలకు వెదురుదబ్బను వెన్నుగా అతికించుచున్నారు. మొగలాయి కాలపు కొమ్మువిండ్లకు రంగులును, లక్కపూతయు తొడుగైనవి. హిమాలయముల భూర్జము, లేఖనమునకు ప్రసిద్ధమై, పెషావరు సమీపమున 1881లో దొరకిన బఖ్షాలీ గణితగ్రంథమువంటివానిని మనకు దక్కించినది. నేడు ఆ చెట్టు వృక్షములు పెరుగు ఎత్తునకు తుదిహద్దున, మెల్లమెల్లగా పెరుగుచు, గంగోత్రివంటి తావులలో వంటచెఱకుకై నఱకబడి క్షీణించినది. హర్షవంతీ బిష్ట్ అను పర్వతారోహిణి అచ్చట నారువేసి దానిని తిరిగి పెంచుటకు చేసిన కృషి శ్లాఘనీయము. వింటికొఱకు ఆ చెట్టు బెరడు ఒలువుమని నేనెవ్వరికిని చెప్పజాలను.

తెలుగునాట విల్లు చేయగోరువారికి ఇంకొక చెట్టున్నది. మన అడవులలోని చరచి సంస్కృతమున ధన్వనమని పేరొందినది. దాని కలప సాగుదలకు, వంగుటకు ప్రసిద్ధము. కావడిబద్దలకును, గొడ్డలికామలకును వాడుదురు. దాని లోబెరడు నారతో త్రాళ్లు పేనుదురు. వృక్షశాస్త్రజ్ఞులు చిరకాలము దీనిని యూరపు లిండెన్‌తో ఒకే కుటుంబమున చేర్చిరి. గోగును, జనుమును నీట నానవేసి నార తీయు మన రైతులకు దాని నార తీయుట క్రొత్తవిద్య కాదు. ఒకే చరచిదుంగను నిలువున మూడుగా చీల్చి, ఒకే పొడవున, ఒకే బిగువున మూడు విండ్లు చేసి, ఒకదానిని దిగంబరముగా విడిచి, ఒకదాని వెన్నున దాని నారనే వరుసగా పేర్చి అతికించి, మూడవదానికి పలుచని లక్కపూత మాత్రము పెట్టి, కోస్తాతీరపు ఆషాఢ శ్రావణములలో ఒకే వసారాలో వ్రేలాడదీయవలయును. వారమునకొకసారి తూచినచో ఏది యెంత నీరు త్రాగినదో త్రాసే చెప్పును. ఒకే నిడివికి లాగి చూచినచో ఏది యెంత సడలినదో తెలియును. నారతో కట్టినది బిగువుగా నిలిచి నీరు త్రాగుననియు, లక్కపూసినది నీరు త్రాగకుండుననియు నా అంచనా. అట్లయినచో నారపై లక్క పూసిన నాలుగవ విల్లొకటి చేయవలసియుండును. పైబెరడు, లోబెరడు రెండును చేయు పనిని ఒక్క వెన్నుపై కూర్చిన విల్లు అదియగును.